లోడు పడ్డా వేగం తగ్గని మోటారు: ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్ ఎలా కట్టాలి?

చిన్న డీసీ మోటారుకి 12 వోల్టులు ఇస్తే జోరుగా తిరుగుతుంది, 6 వోల్టులు ఇస్తే నెమ్మదిస్తుంది. దీంతో వేగం మన చేతికి వచ్చేసిందని అనిపిస్తుంది. కానీ షాఫ్ట్‌కి కాస్త పని తగిలించి చూడండి. నాబ్ కదపలేదు, వోల్టేజి మారలేదు, అయినా వేగం పడిపోతుంది. మనం ఇంతసేపూ అదుపు చేసింది వోల్టేజినే. వేగం దాని వెనకాల దాదాపుగా నడిచిందంతే.

వేగాన్నే పట్టుకోవాలంటే దాన్ని కొలవాలి, కావలసిన వేగంతో పోల్చాలి, తేడాని బట్టి వోల్టేజిని సరిచేయాలి. ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే. ఈ మాట ఎత్తగానే చాలామంది నేరుగా పీఐడీ సూత్రం (తేడాకి, ఆ తేడాల కూడికకి, తేడా మారే వేగానికి స్పందించే పీ, ఐ, డీ అనే మూడు భాగాలు) దగ్గరికి వెళ్లి అంకెలు మార్చుకుంటూ కూర్చుంటారు. నా ఉద్దేశంలో సర్క్యూట్ బాగా నడుస్తుందా లేదా అన్నది చాలావరకు అంతకుముందే, వేగాన్ని ఎలా కొలుస్తున్నాం, ఆ కొలత ఎంత తాజాగా ఉంది అన్న దగ్గరే తేలిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు కొలతకే ఇస్తున్నాను.

లోడు పడితే మోటారు ఎందుకు నెమ్మదిస్తుంది?

తిరిగే మోటారు తనూ ఒక జనరేటరే. దాని వైండింగ్‌లో, అంటే లోపలి తీగ చుట్టలో, మనమిచ్చే వోల్టేజికి ఎదురుగా ఇంకో వోల్టేజి పుడుతుంది. దీన్ని బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. వేగం ఎంతుంటే ఇదీ అంతే నిష్పత్తిలో ఉంటుంది. మనమిచ్చిన వోల్టేజిలోంచి దీన్ని తీసేస్తే మిగిలిందే వైండింగ్ రెసిస్టెన్స్‌లో కరెంటుని తోస్తుంది. ఆ కరెంటు నుంచే తిప్పే బలం, అంటే టార్క్ వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మోటారు 12 వోల్టులది, వైండింగ్ రెసిస్టెన్స్ 2 ఓములు. లోడు లేనప్పుడు 0.3 ఆంపియర్లు తీసుకుంటూ 3000 ఆర్‌పీఎంతో (నిమిషానికి అన్ని చుట్లు) తిరుగుతుంది. రెసిస్టెన్స్‌లో 0.6 వోల్టు పోతుంది కాబట్టి బ్యాక్ ఈఎంఎఫ్ 11.4 వోల్టులు, అంటే ప్రతి 1000 ఆర్‌పీఎంకి 3.8 వోల్టులు. ఇప్పుడు లోడు పెరిగి కరెంటు 1.5 ఆంపియర్లు అయిందనుకోండి. రెసిస్టెన్స్‌లో 3 వోల్టులు పోతాయి, బ్యాక్ ఈఎంఎఫ్‌కి 9 మిగులుతాయి. వేగం దాదాపు 2370కి దిగుతుంది. పడిపోయింది 630 ఆర్‌పీఎం.

అదే మోటారుని 6 వోల్టుల మీద నడిపితే లోడు లేనప్పుడు వేగం సుమారు 1420. అదే లోడు పడితే 790. ఇక్కడా పడింది 630 ఆర్‌పీఎమే, కానీ ఇప్పుడది ఉన్న వేగంలో 44 శాతం. పూర్తి వేగంలో 21 శాతమే. తక్కువ వేగంలో మోటారు ఎందుకంత నీరసంగా ఉంటుందో, లోడు తగలగానే ఎందుకు ఆగిపోతుందో ఈ లెక్కే చెబుతుంది. ఫీడ్‌బ్యాక్ అవసరం ఎక్కువగా కనిపించేదీ అక్కడే.

వేగం తగ్గితే బ్యాక్ ఈఎంఎఫ్ తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, టార్క్ పెరుగుతుంది. అంటే మోటారులోనే పుట్టుకతో కొంత ఫీడ్‌బ్యాక్ ఉంది. అందుకే లోడు పడగానే పూర్తిగా ఆగిపోకుండా కొత్త వేగం దగ్గర సర్దుకుంటుంది. మనం కట్టబోయే సర్క్యూట్ ఆ పనినే ఇంకా గట్టిగా చేస్తుంది. ఆలోచన కొత్తదేమీ కాదు. 1788లో జేమ్స్ వాట్ తిరిగే బంతుల గవర్నర్‌ని ఆవిరి యంత్రానికి అమర్చింది ఇందుకే. అలాంటి గవర్నర్లు ఒక్కోసారి వేగాన్ని నిలపడం మానేసి ఎందుకు ఊగిసలాడతాయో 1868లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ గణితంతో విడదీశాడు. ఆ ఊగిసలాటనే ఇప్పుడు హంటింగ్ అంటున్నాం. మన బ్రెడ్‌బోర్డు మీద ఎదురయ్యేదీ అదే.

వేగాన్ని ఎలా కొలవాలి?

సులువైన దారి షాఫ్ట్‌కి గాడులున్న డిస్క్ బిగించి, దాని అంచు ఆప్టికల్ సెన్సర్ మధ్యలోంచి వెళ్లేలా పెట్టడం. గాడి దాటిన ప్రతిసారీ ఒక పల్స్ వస్తుంది. దుమ్ము, నూనె ఉండే చోట డిస్క్ బదులు చిన్న అయస్కాంతం, దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ నయం. అయితే ఒకే అయస్కాంతం ఉంటే చుట్టుకి ఒకే పల్స్ వస్తుంది. అది మీటర్‌కి సరిపోతుంది కానీ అదుపు చేయడానికి చాలదు.

మన డిస్క్‌కి 20 గాడులున్నాయనుకుందాం. 1500 ఆర్‌పీఎం అంటే సెకనుకి 25 చుట్లు, అంటే 500 పల్సులు. వీటిలోంచి వేగం తీయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, నిర్ణీత సమయంలో ఎన్ని పల్సులు వచ్చాయో లెక్కపెట్టడం. రెండు, ఒక పల్స్‌కీ తర్వాతి పల్స్‌కీ మధ్య ఎంత సమయం పట్టిందో కొలవడం.

మొదటి పద్ధతిలో 20 మిల్లీసెకన్లు లెక్కపెడితే 10 పల్సులు వస్తాయి. లెక్కలో ఒక్కటి అటూ ఇటూ అయితే 10 శాతం తేడా, అంటే 150 ఆర్‌పీఎం. ఈ కొలతతో మోటారుని 1500 దగ్గర నిలపమంటే అది 1350, 1500, 1650 మధ్య గంతులే చూస్తుంది. లెక్క కచ్చితంగా రావాలని సెకను మొత్తం లెక్కపెడితే 500 పల్సులు వస్తాయి, కచ్చితత్వం బ్రహ్మాండం. కానీ అప్పుడు కంట్రోలర్ చేతిలో ఉన్నది గడిచిన సెకను సగటు. వారం కిందటి ఉత్తరం చదివి ఇవాళ జవాబు రాసినట్టు, అది ఎప్పుడో ఉన్న పరిస్థితికి ఇప్పుడు స్పందిస్తుంది.

రెండో పద్ధతిలో పల్సుల మధ్య దూరం 2000 మైక్రోసెకన్లు. 16 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో మైక్రోసెకన్ల గడియారం 4 మైక్రోసెకన్ల మెట్లలో నడుస్తుంది. అంటే మెట్టు వల్ల వచ్చే తేడా 0.2 శాతమే, పైగా కొత్త కొలత 2 మిల్లీసెకన్లకోసారి అందుతుంది. కాగితం మీద ఇంతకంటే మంచిది లేదు. చిక్కు డిస్క్‌లో ఉంది. చేత్తో కోసిన డిస్క్‌లో గాడులు సమానంగా ఉండవు. ఒక గాడి 2 శాతం పక్కకి జరిగినా, మోటారు నిలకడగా తిరుగుతున్నప్పుడు కూడా కొలతలో 30 ఆర్‌పీఎం ఎగుడుదిగుడు కనిపిస్తుంది. ఒక పూర్తి చుట్టు, అంటే 20 పల్సుల సమయం తీసుకుంటే ఈ దోషం పోతుంది, కానీ కొలత 40 మిల్లీసెకన్ల సగటు అవుతుంది. కచ్చితత్వం, తాజాదనం రెండూ ఒకేసారి ఉచితంగా దొరకవు. ఎంత ఇచ్చి ఎంత తీసుకోవాలో తేల్చుకోవడమే ఈ సర్క్యూట్‌లో అసలైన డిజైన్ పని.

పల్స్ శుభ్రంగా ఉండటమూ ముఖ్యమే. గాడి అంచు కాంతిని మెల్లగా మూస్తే సెన్సర్ అవుట్‌పుట్ ఒక్కసారిగా మారకుండా మధ్యలో వణుకుతుంది, ఒక పల్స్ మూడుగా లెక్కకొస్తుంది. చిన్న వణుకుల్ని పట్టించుకోకుండా ఒక్కసారిగా మారే 74హెచ్‌సీ14 లాంటి ష్మిట్ ట్రిగ్గర్ గేటు మధ్యలో పెడితే ఇది ఆగుతుంది. దాంతోపాటు సాఫ్ట్‌వేర్‌లోనూ ఒక కాపలా పెట్టుకోవచ్చు. 3000 ఆర్‌పీఎం దగ్గర కూడా పల్సుల మధ్య 1000 మైక్రోసెకన్లు ఉండాలి కాబట్టి, 300 లోపు వచ్చినదాన్ని నమ్మకుండా వదిలేయడమే మేలు. బ్రష్‌ల దగ్గర లేచే నిప్పురవ్వలు కూడా దొంగ పల్సులు పుట్టిస్తాయి. మోటారు టెర్మినల్స్ మీదే 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ అతికించాలి. మోటారు కరెంటు వెళ్లే గ్రౌండ్ తీగ, సెన్సర్ గ్రౌండ్ తీగ సప్లై దగ్గర మాత్రమే కలవాలి.

పల్సుల మధ్య సమయం కొలిచే పద్ధతిలో ఇంకో చిన్న గొయ్యి ఉంది. మోటారు ఆగిపోతే కొత్త పల్స్ రాదు. కాబట్టి ప్రోగ్రాం చివరగా చూసిన వేగాన్నే నమ్ముకుని కూర్చుంటుంది. నిర్ణీత సమయంలో పల్స్ రాకపోతే వేగం సున్నా అనుకోమని విడిగా రాయాల్సిందే.

ఒకే గెయిన్, మూడు ఫలితాలు

ఇప్పుడు కంట్రోలర్. మొదట పీ భాగం ఒక్కటే పెడదాం. కావలసిన వేగంలోంచి ఉన్న వేగాన్ని తీసేసి, తేడాని ఒక అంకెతో హెచ్చించి, ఆ మేరకు పీడబ్ల్యూఎం డ్యూటీ ఇవ్వడం. పీడబ్ల్యూఎం అంటే సప్లైని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటు వోల్టేజిని మార్చడం, అందులో ఆన్‌లో ఉండే సమయం శాతమే డ్యూటీ. ఆ అంకే గెయిన్. లక్ష్యం 1500, గెయిన్ ఒక్కో ఆర్‌పీఎంకి 0.1 శాతం డ్యూటీ అనుకుందాం. పై మోటారు లెక్కలో పెట్టి చూస్తే లోడు లేనప్పుడు వేగం 1100 దగ్గర ఆగిపోతుంది. 1500కి చేరదు. కారణం సులభం. తిరగడానికి వోల్టేజి కావాలి, వోల్టేజి రావడానికి తేడా ఉండాలి. తేడా సున్నా అయితే డ్యూటీ కూడా సున్నాయే.

గెయిన్ పదిరెట్లు పెంచి ఆర్‌పీఎంకి 1 శాతం చేస్తే వేగం సుమారు 1450కి చేరుతుంది. అప్పుడు 1.5 ఆంపియర్ల లోడు వేస్తే 1430. ఫీడ్‌బ్యాక్ లేనప్పుడు 630 పడిన వేగం ఇప్పుడు 20 పడింది. ఫీడ్‌బ్యాక్ సత్తా ఇంత స్పష్టంగా కనిపించే లెక్క ఇంకోటి ఉండదు.

ఇదంతా కొలత క్షణాల మీద అందితేనే. మోటారు కొత్త వేగానికి సర్దుకోవడానికి పదో వంతు సెకను తీసుకుంటుందనుకోండి. సెకనుకోసారి లెక్కపెట్టే కొలతతో ఆ చిన్న గెయిన్, అంటే 0.1 శాతాన్నే పెట్టి చూద్దాం. మొదట వేగం సున్నా, తేడా 1500, డ్యూటీ 100 శాతం. కంట్రోలర్ మళ్లీ కళ్లు తెరిచేసరికి మోటారు 3000 దగ్గరుంటుంది. వెంటనే డ్యూటీ సున్నా చేస్తుంది. మోటారు తన రాపిడితో ఒకటి రెండు సెకన్లు జారుతూ దిగుతుంది. వేగం బాగా పడిపోయాక కానీ కంట్రోలర్‌కి తెలియదు, మళ్లీ దాదాపు పూర్తి డ్యూటీ. ఇది ఎప్పటికీ ఆగదు. అదే గెయిన్‌కి 40 మిల్లీసెకన్ల సగటు ఇస్తే కాస్త ఊగి అయినా నిలబడుతుంది, కానీ 1 శాతం గెయిన్‌ని ఆ సగటు మోయలేదు, హంటింగ్ తప్పదు. 2 మిల్లీసెకన్ల కొలత ఆ పెద్ద గెయిన్‌ని కూడా మోయగలదు. అయితే డిస్క్‌లోని 2 శాతం దోషం, అంటే 30 ఆర్‌పీఎం, ఆ గెయిన్‌తో హెచ్చి డ్యూటీలో 30 శాతం కుదుపుగా మారుతుంది. మోటారు గరగరలాడుతుంది, దాని కరెంటుని ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్, అంటే మాస్‌ఫెట్ వేడెక్కుతుంది.

మోటారు ఒకటే, సూత్రం ఒకటే, మారింది కొలత ఒక్కటే. హంటింగ్ కనబడగానే గెయిన్ తగ్గించే ముందు, కొలత ఎంత పాతదో చూడమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఈ ఉదాహరణకి నేనైతే ఐదు పల్సుల సగటు, ఆర్‌పీఎంకి 0.25 శాతం గెయిన్ దగ్గర మొదలుపెడతాను. డిస్క్ దోషం సుమారు 6 ఆర్‌పీఎంకి, డ్యూటీ కుదుపు 1.5 శాతానికి దిగుతాయి. కొలత 10 మిల్లీసెకన్లకి మించి పాతబడదు. మిగిలిన తేడాని ఐ భాగానికి వదిలేయాలి.

ఐ భాగం, దాని ప్రమాదం

1500 ఆర్‌పీఎం దగ్గర లోడు లేనప్పుడు మోటారుకి 6.3 వోల్టులు, అంటే 52.5 శాతం డ్యూటీ కావాలి. లోడు పడితే 8.7 వోల్టులు, 72.5 శాతం. ఈ అంకె తేడా నుంచి రాకూడదు, సర్క్యూట్‌కి గుర్తుండాలి. ఐ భాగం చేసేది ఆ పనే. తేడాని క్షణక్షణం కూడుతూ పోతుంది. తేడా ఉన్నంతకాలం మొత్తం మారుతూనే ఉంటుంది. తేడా సున్నా అయ్యాక ఆ మొత్తం ఎక్కడుందో అక్కడే నిలిచి 52.5 శాతాన్నో 72.5 శాతాన్నో ఇస్తూ ఉంటుంది. పీ ఎంత పెంచినా పోని తేడా ఐ వల్ల పోతుంది.

కానీ అది కూడుతూనే ఉంటుంది కదా. షాఫ్ట్ ఎక్కడో ఇరుక్కుని మూడు సెకన్లు తిరగలేదనుకోండి. డ్యూటీ 100 శాతానికి చేరిపోయింది, ఇక పెంచడానికి లేదు. అయినా ఐ భాగం 1500 చొప్పున కూడుకుంటూనే పోతుంది. ఇరుకు వదలగానే మోటారు పూర్తి వేగానికి దూసుకెళ్తుంది. లక్ష్యాన్ని దాటినా, పేరుకున్న మొత్తం కరిగేదాకా దిగదు. దీన్ని విండప్ అంటారు. మందు చిన్నదే. డ్యూటీ ఏదో ఒక అంచుకి తగిలి ఉన్నప్పుడు అదే దిక్కులో ఇంకా కూడటం ఆపేయాలి. ఈ ఒక్క షరతు రాయకుండా మోటారుకి కరెంటు ఇవ్వొద్దు.

డీ భాగం సంగతి త్వరగా ముగిద్దాం. అది తేడా ఎంత వేగంగా మారుతోందో చూస్తుంది కాబట్టి కొలతలోని ప్రతి కుదుపునీ పెద్దది చేస్తుంది. గాడుల డిస్క్‌తో కొలిచే చిన్న మోటారుకి పీ, ఐ చాలు.

ట్యూనింగ్‌లో, అంటే ఈ అంకెలు సర్దడంలో, ముందు ఐని సున్నా చేసి, హంటింగ్ మొదలయ్యేదాకా పీ పెంచాలి. తర్వాత దాన్ని సగానికి దించాలి. ఆపైన లోడు వేసినప్పుడు వేగం తగినంత త్వరగా తిరిగి వచ్చేదాకా ఐని కొద్దికొద్దిగా పెంచాలి. కంట్రోలర్ ఎప్పుడూ సమాన వ్యవధుల్లో నడవాలి. ఒకసారి 5, ఇంకోసారి 15 మిల్లీసెకన్లకి నడిస్తే ఐ లెక్క తప్పుతుంది, పెట్టిన అంకెలకి అర్థం ఉండదు.

పవర్ వైపు

మాస్‌ఫెట్ ఎంచుకునేటప్పుడు పేరులో ఒక్క అక్షరం చూసుకోవాలి. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ గేటుకి, అంటే దాన్ని తెరిచే కాలుకి, 5 వోల్టులు ఇస్తే పూర్తిగా తెరుచుకుంటుంది. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్‌కి 10 కావాలి. రెండోదాన్ని నేరుగా మైక్రోకంట్రోలర్‌తో నడిపితే సగం తెరుచుకుని కాలిపోయేంత వేడెక్కుతుంది. గేటు నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓముల రెసిస్టర్ ఉండాలి. లేకపోతే మైక్రోకంట్రోలర్ ఇంకా మేల్కొనకముందే మోటారు దానంతటదే కదులుతుంది. మోటారుకి అడ్డంగా 1ఎన్5822 లాంటి షాట్కీ డయోడ్ పెట్టాలి. 1ఎన్4007 వేగంగా ఆరే పీడబ్ల్యూఎంకి మందకొడి. పీడబ్ల్యూఎం 20 కిలోహెర్ట్జ్ దగ్గర పెడితే మోటారు కీచుమనదు. ఊనోలో ఎక్కువ పిన్నులు మామూలుగా ఇచ్చే 490 హెర్ట్జ్ చెవికి బాగానే వినిపిస్తుంది.

ఒకే మాస్‌ఫెట్ ఉన్న సర్క్యూట్ తొయ్యగలదు, ఆపలేదు. వేగం లక్ష్యాన్ని దాటితే డ్యూటీ సున్నా చేసి రాపిడి కోసం ఎదురుచూడటమే దాని గతి. పైన చూసిన మోటారు ఎక్కడానికి పదో వంతు సెకను, దిగడానికి రెండు సెకన్లు తీసుకున్నది అందుకే. దిగడమూ చురుగ్గా కావాలంటే నాలుగు స్విచ్చులతో మోటారుని రెండు దిక్కులా నడపగల హెచ్ బ్రిడ్జి తప్పదు.

మైక్రోకంట్రోలర్ లేకుండా

ఇదంతా పూర్తిగా అనలాగ్ భాగాలతోనూ కట్టొచ్చు. ఎల్‌ఎం2907 చిప్ పల్సుల ఫ్రీక్వెన్సీని వోల్టేజిగా మారుస్తుంది. దాని అవుట్‌పుట్ సప్లై వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, కెపాసిటర్, రెసిస్టర్ నాలుగింటి లబ్ధం. 12 వోల్టులు, 10 నానోఫారడ్లు, 47 కిలోఓములు పెడితే 500 హెర్ట్జ్ దగ్గర 2.82 వోల్టులు వస్తాయి. సప్లై కూడా లెక్కలో ఉంది కాబట్టి దానికి విడిగా రెగ్యులేటర్ ఉండాలి. ఈ వోల్టేజిని నాబ్ ఇచ్చే వోల్టేజితో ఆప్-ఆంప్‌లో (రెండు వోల్టేజిల తేడాని పెంచే చిప్) పోల్చి, ఫీడ్‌బ్యాక్ దారిలో ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ వరుసగా పెడితే పీ, ఐ రెండూ ఒకే చోట వచ్చేస్తాయి. అవుట్‌పుట్‌ని పీడబ్ల్యూఎం చిప్‌కి ఇవ్వాలి.

కొలత పేచీ ఇక్కడా వదలదు. అవుట్‌పుట్‌లో అలలు తగ్గడానికి పెట్టే రెండో కెపాసిటర్ 1 మైక్రోఫారడ్ అయితే అలలు 60 మిల్లీవోల్టుల లోపు, ఆలస్యం 47 మిల్లీసెకన్లు. కెపాసిటర్ పెంచితే అలలు తగ్గి ఆలస్యం పెరుగుతుంది. గాడుల సగటులో చూసిన బేరమే ఇంకో వేషంలో వచ్చింది.

సెన్సర్ కూడా వద్దనుకుంటే బ్యాక్ ఈఎంఎఫ్‌నే కొలవొచ్చు. పీడబ్ల్యూఎం కాసేపు ఆపి, వైండింగ్‌లో కరెంటు పూర్తిగా ఆగాక టెర్మినల్స్ మీద కనిపించేది బ్యాక్ ఈఎంఎఫే. డిస్క్ బిగించడానికి చోటు లేని మోటార్లకి ఇది చక్కటి ఉపాయం. ఇంకో దారి, కరెంటు కొలిచి రెసిస్టెన్స్‌లో పోయే వోల్టేజిని లెక్కగట్టి అంత మేరకు కలపడం. దీంట్లో జాగ్రత్త అవసరం. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. వైండింగ్ 50 డిగ్రీలు వేడెక్కితే మన 2 ఓములు 2.4 అవుతాయి, చల్లగా ఉన్నప్పుడు సరిపోయిన సవరణ ఇక చాలదు. పోనీ అని ముందే ఎక్కువ కలిపితే లోడు పడ్డప్పుడు మోటారు తగ్గాల్సింది పోయి పరుగెత్తుతుంది.

సెన్సర్ తీగ తెగితే

ఫీడ్‌బ్యాక్ లేని మోటారుకి లేని ప్రమాదం ఒకటి దీనికుంది. సెన్సర్ తీగ ఊడిపోతే కంట్రోలర్‌కి వేగం సున్నాగా కనిపిస్తుంది. అది తన పని తాను నిజాయితీగా చేస్తుంది, అంటే డ్యూటీని 100 శాతానికి పెంచేస్తుంది. డిస్క్ మీద దుమ్ము పేరుకున్నా, షాఫ్ట్ మీద డిస్క్ స్క్రూ వదులైనా అంతే. ఆప్-ఆంప్ ఇన్‌పుట్ తీగలు తారుమారైతే కూడా ఇదే గతి, వేగం పెరిగేకొద్దీ ఇంకా పెంచుతూ పోతుంది.

అందుకే డ్యూటీ 30 శాతం దాటినా అర సెకనులో ఒక్క పల్స్ కూడా రాకపోతే మోటారుని ఆపేసి, చేత్తో రీసెట్ చేసేదాకా మళ్లీ కదలనివ్వకూడదు. షాఫ్ట్ ఇరుక్కున్నప్పుడూ ఇదే కాపాడుతుంది. లేకపోతే 12 వోల్టుల మీద 2 ఓముల వైండింగ్‌లో 6 ఆంపియర్లు, అంటే 72 వాట్ల వేడి, కదలకుండా ఉన్న మోటారులో కూర్చుంటుంది. సప్లై వరసలో ఫ్యూజు ఉండాలి. మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు మోటారుని బల్లకి బిగించండి. షాఫ్ట్ మీద బ్లేడు గానీ చక్రం గానీ ఉంటే తీసేయండి. డ్యూటీ పరిమితిని 40 శాతం దగ్గర కట్టేసి, లక్ష్యాన్ని కూడా ఆ డ్యూటీకి అందేంత తక్కువగా, 800 ఆర్‌పీఎం దగ్గర పెట్టి నడపండి. తిరుగుతుండగానే సెన్సర్ తీగ మీరే లాగి చూడండి. అర సెకనులో మోటారుకి కరెంటు ఆగితేనే ఆ పరిమితి ఎత్తేయండి.